కారు ముక్కులో తౌడు

సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చేసరికి ఉషారాణి గోడకు మేకు కొడుతోంది. పెళ్లికి కానుకగా ఏడు గోడ గడియారాలు వచ్చాయి. మూడు వేలాడదీశాక నాలుగో దానికి చోటు వెతుకుతోంది. ఏ రెండు గడియారాలూ ఒకే సమయం చూపించవు. పెళ్లయి నలభై రెండు రోజులే అయిన మనిషికి అదీ ముచ్చటగానే ఉంది. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్తే పావుగంట కలిసొస్తుంది.

"ఉషారాణి గారేనా? మిమ్మల్ని తీసుకున్నామమ్మా. వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం వచ్చి చేరండి" అంది అవతలి గొంతు.

సుత్తి జారి కింద పడింది. బొటనవేలు జానెడు దూరంలో బతికిపోయింది. ఆ చప్పుడుకు అత్తగారు సాయమ్మ పెరట్లోంచి పరుగున వచ్చింది.

"ఏమైంది బిడ్డా? గోడ పగిలిందా?"

"ఉద్యోగం వచ్చింది అత్తమ్మా!"

ఏం ఉద్యోగమో అడగడం సాయమ్మ దృష్టిలో అనవసరపు ఆలస్యం. ప్రహరీ దగ్గరికి పోయి అటు రెండిళ్లకూ ఇటు రెండిళ్లకూ వినబడేలా చెప్పేసింది. ఉష ఇంకా ఫోన్‌లో ఉండగానే మిర్యాలగూడలోని ఆ వీధి మొత్తం ఆమెను సూర్యాపేటలో పెద్ద కాలేజీకి లెక్చరర్‌ని చేసేసింది. సాయంత్రానికి ప్రిన్సిపాల్ అయ్యేదే. చీకటి పడటంతో ఆగిపోయింది.

ఫోన్‌లో ఉన్న అసలు ప్రిన్సిపాల్ పేరు సత్యానందం. ఆయనది ఒక ప్రైవేటు ఐటీఐ. ఉష పదకొండు చోట్ల దరఖాస్తు పెట్టింది కాబట్టి ఇది వాటిలో ఏదో గుర్తు రావడానికి కొంత సమయం పట్టింది. వెల్డింగ్ నేర్పే ఉద్యోగం అది.

"మా దగ్గర ఒక పద్ధతుంది" అన్నాడాయన. "కొత్తగా చేరేవాళ్లు తమ చేత్తో అతికిన వస్తువొకటి తెచ్చి చూపించాలి. పనిచేసే వస్తువు. అద్దాల బీరువాలో పెట్టే బొమ్మ కాదు. తేలేకపోతే ముందే చెప్పండి, మా జాబితాలో రెండో పేరు కూడా ఉంది."

"తెస్తాను సార్" అంది ఉష, రోజుకు నాలుగు గేట్లు అతికే మనిషిలా.

నిజానికి ఆమె మెకానికల్ ఇంజనీరు. కోదాడ దగ్గరి కాలేజీలో నాలుగేళ్లు చదివింది. వెల్డింగ్ ప్రయోగానికి ఇరవైకి పంతొమ్మిది మార్కులు. ఆ ప్రయోగం చేయాల్సిన రోజున కరెంటు లేదు. తర్వాతి వారం రాడ్లు లేవు. ఆ పై వారం రెండూ ఉన్నాయి, ల్యాబ్ తాళాలున్న మనిషి లేడు. అందరూ రికార్డు పుస్తకంలో బొమ్మ గీసి ప్రయోగం జయప్రదంగా ముగించారు. ఉషకు ఒక మార్కు తగ్గింది మార్జిన్ గీయనందుకు.

అయినా ఆ ఉద్యోగం ఆమెకు కావాలి. చాలా కావాలి. మెకానికల్‌లో చేరిన రోజు నుంచి చుట్టాలందరిదీ ఒకే ప్రశ్న: "ఆడపిల్లకు మెకానికల్ ఎందుకమ్మా, మిక్సీ బాగుచేసుకోవడానికా?" రెండేళ్లుగా ఆమె ఏ ఉద్యోగంలోనూ కుదురుకోలేదు. పైగా పెళ్లికి ముందు పుట్టింట్లో మిక్సీ కూడా పాడైంది. ఆమె విప్పింది, మళ్లీ బిగించింది, మూడు మరలు మిగిలాయి. ఆ మూడు మరలూ పెళ్లి పందిట్లో ఎంతమంది నోళ్లలో తిరిగాయో లెక్కలేదు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ప్రేమ్ కుమార్ ఈ కబురు విని భార్యను ఎత్తి గిర్రున తిప్పాడు. తల్లి చూస్తోందని గుర్తొచ్చి దించి, గడియారం సర్దుతున్నట్టు నటించాడు. విత్తనాల కంపెనీలో అతనిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. పాలకీడు నుంచి దామరచర్ల దాకా వరి గట్ల మీద నిలబడి, కంకుల పక్కన రైతులను నవ్వమని చెప్పి ఫోటోలు తీస్తుంటాడు. తిరగడానికి ఒక తెల్ల కారుంది. దాని వయసు పదమూడేళ్లు. ప్రేమ్ దానికి మూడో యజమాని. కాలువ వంతెన ఎక్కేటప్పుడు వెనకొచ్చే ట్రాక్టర్లు దయతలచి హారన్ కొట్టకుండా దాటిపోతుంటాయి.

"చేసే వస్తువు గురించి ఫికర్ వద్దు ఉషా" అన్నాడు ప్రేమ్, ముద్ద నోట్లో పెట్టుకుని. "మన కారుకు గాలి గొట్టం జేద్దాం. కంపెనోడు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం గిటొక వంకర, గటొక వంకర. ఇంజన్ ఊపిరాడక సస్తున్నది. మనం వెడల్పు గొట్టం జేసి, ఫిల్టర్‌ను తీస్కపోయి ముందట బంపర్ కింద పెడ్తే సల్లగాలి డైరెక్టుగ దొరుకుతది. పది గుర్రాల బలం పెరుగుతది."

"నీకెవరు చెప్పారు?"

"వీడియోల చూసిన."

ఆ వీడియోలోని పెద్దమనిషి మంచు కురిసే దేశంలో ఉంటాడు. అతని కారు షెడ్డు వీళ్ల ఇంటికి రెండింతలుంటుంది. వెనక గోడ నిండా పానాలు, ఎత్తు ప్రకారం, బడిపిల్లల్లా వరుసగా నిలబడి ఉంటాయి. అలాంటివాడు అబద్ధం ఎందుకు చెబుతాడు?

"ఇప్పుడు మన కారుకు ఎన్ని గుర్రాలున్నాయి?" అడిగింది ఉష.

"కాగితం మీద యాభై."

"కాగితం బయట?"

"రెండు గుర్రాలు, ఒక గాడిద" అంది సాయమ్మ వంటింట్లోంచి.

గొట్టం వంపులు ఎలా రావాలో ముందు అట్టతో నమూనా చేసి చూసుకోవాలని వీడియోలో ఉంది. అట్ట కోసం వెతకాల్సిన పని లేకుండా ఇంట్లో నూట నలభై శుభలేఖలు మిగిలి ఉన్నాయి. ఇరువైపుల వాళ్లూ తమ బంధుబలాన్ని కాస్త ఉదారంగా లెక్కగట్టారు మరి. మందపాటి కార్డులు, అంచుకు బంగారు గీత. ఆ సాయంత్రం ఇద్దరూ కారు మూత ఎత్తి, కార్డులను చుట్టి, టేపు అతికి, ఇంజన్ దగ్గర్నుంచి బంపర్ దాకా ఒక అట్ట గొట్టం పేర్చారు. 'ప్రేమ్ కుమార్ వెడ్స్ ఉషారాణి' అన్న బంగారు అక్షరాలు బ్యాటరీ పక్కనుంచి వంపు తిరిగి కింది వైపు జారాయి. అది చూసి ఉషకు ఎంత సంతోషం వేసిందంటే, ఉద్యోగం సంగతి కాసేపు మర్చిపోయి ఫోటో తీసుకుంది.

మర్నాడు ఆ అట్ట గొట్టాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దావీదు దుకాణానికి పోయింది. దావీదు ప్రేమ్‌కు పెదనాన్న కొడుకు. మిల్లుల రోడ్డు మీద ఇరవై ఏళ్లుగా దుకాణం. రైస్ మిల్లులకు ఊక గొట్టాలు, తౌడు డబ్బాలు అతకడం అతని పని. మాట్లాడుతున్నప్పుడు కూడా ఒక కన్ను చికిలించే ఉంటుంది.

"బీటెక్ల ఏం నేర్పిన్రు ఉషమ్మా?"

"థియరీ బావగారూ."

"మంచిదే. థియరీకి కండ్లు మండయి." ఒక పాత రేకు ముక్క, ఒక సన్న రాడ్, ముఖానికి అడ్డం పెట్టుకునే నల్ల అద్దం చేతికిచ్చాడు. "గీత గియ్యి సూద్దాం."

గీత సంగతి తర్వాత, రాడ్ ఇనుముకు తగలగానే అతుక్కుపోయింది. లాగితే రాదు. ఊపితే రాదు. కొత్త దంపతుల్లా దేన్నీ పట్టించుకోకుండా అలాగే ఉండిపోయింది. దావీదు వచ్చి ఒక్క మెలితో ఊడదీశాడు. మొదటి రోజంతా ఆమె అతికించింది రాడ్లనే.

రెండో రోజు రాడ్ అతుక్కోవడం మానేసింది. ఇప్పుడు రంధ్రాలు మొదలయ్యాయి. కారుకు వాడేది పల్చటి గొట్టం. ఎక్కడ రెండు ముక్కలు కలపబోతే అక్కడ ఎర్రగా కాగి, కరిగి, కింద పడిపోయేది. ఒక ముక్కకు ఆరు రంధ్రాలు వరుసగా వచ్చాయి. దావీదు దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు.

"గిది గొట్టం కాదు ఉషమ్మా, పిల్లనగ్రోవి. సర్చిల పాటలకు పనికొస్తది."

మూడో రోజు అతుకు ఎలా వస్తోందో చూద్దామని అద్దం పక్కకు జరిపి తొంగి చూసింది. ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టయింది. తెల్లారగానే దవాఖానకు తీసుకుపోతే చుక్కల మందిచ్చి, రెండు రోజులు వెలుతురు చూడొద్దన్నారు. రెండు రోజులూ కళ్ల మీద తడిగుడ్డ. ప్రేమ్ అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టాడు. ఒక్కో ముద్దా గడ్డానికో ముక్కుకో తగిలి, ఆఖరికి నోట్లోకి చేరేది. పదకొండు రోజుల్లో రెండు ఇలా పోతున్నాయని ఉష వేళ్ల మీద లెక్కపెడుతున్నా, ఇంకో పూట మంట మిగిలితే ఏం పోయిందిలే అని కూడా ఒకసారి అనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత నెమ్మదిగా చేయి తిరిగింది. దావీదు నేర్పిన కిటుకు చిన్నదే. పల్చటి రేకు మీద గీత గీయకూడదు. ఒక చుక్క పెట్టాలి, ఆగాలి. ఎరుపు పోయాక ఎదురు వైపు ఇంకో చుక్క. మళ్లీ ఆగాలి. ఆగడం ఆ పనిలో సగం. బీటెక్‌లో ఆ సగం సిలబస్‌లో లేదు. గొట్టాన్ని సొరకాయ చెక్కల్లా ఏటవాలుగా కోసి, ముక్కలు తిప్పి పేర్చి, చుక్కలతో కలుపుకుంటూ పోతే వంపు తిరిగేది. అతుకు మీద నల్లటి పెంకు కడుతుంది. దాన్ని చిన్న సుత్తితో తడితే పొరలా ఊడి, కింద వెండిలాంటి మెరుపు బయటపడేది. మొదటిసారి ఆ మెరుపు చూసినప్పుడు ఉష దుకాణంలో చప్పట్లు కొట్టింది. ఎదురు మిల్లులో బస్తాలు దించుతున్నవాళ్లు ఆగి చూశారు.

"పిట్టలు రెట్టలేసినట్టున్నది గని, పట్టు ఉన్నది" అన్నాడు దావీదు. అతని నోట ఇది బిరుదుతో సమానం. "లోపల గూడ బ్రష్షుతోని గట్టిగ గీకు. బయట ఎంత వంకరున్నా ఎవడు సావడు. లోపల ఒక్క పెంకు మిగిల్తె ఇంజన్ల పడ్తది, ఖతం."

శుక్రవారానికి గొట్టం తయారైంది. ఒక కొస మూసి, రెండో కొసకు సైకిల్ పంపు పెట్టి, స్నానాల బకెట్లో ముంచి చూశారు. నాలుగు చోట్ల బుడగలొచ్చాయి. నాలుగూ మూసింది. మళ్లీ ముంచితే బుడగ లేదు. సాయమ్మ బకెట్ మీద ఒక నిమిషం వంగి చూసి, "పాసైనట్టేనా?" అని అడిగింది.

శనివారం పొద్దున గొట్టం కారెక్కింది. ఫిల్టర్ బంపర్ కింద, చక్రాల ఎత్తులో, వీడియోలో చెప్పిన చోటనే కూర్చుంది. కారు స్టార్ట్ చేయగానే వచ్చిన శబ్దానికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జలుబు చేసిన పులి గుర్రుమన్నట్టుంది.

"కోదాడ పోదాం" అన్నాడు ప్రేమ్. "మీ నాయినకు సూపిద్దాం."

నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ దాకా ఆ పులి గుర్రుమంటూనే పోయింది. కారు వేగం పెరిగిందా అంటే ముల్లు పాత చోటునే వణుకుతోంది. కానీ ఒక ట్రాక్టర్‌ను దాటారు. ఆ ట్రాక్టర్ ఆగి ఉందన్న విషయాన్ని ఇద్దరూ మర్యాదగా పట్టించుకోలేదు. కోదాడలో ఉష నాన్న కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "శబ్దం బాగుందమ్మా, మిక్సీ శబ్దం కూడా మొదట్లో ఇలాగే ఉండేది" అన్నాడు. బజ్జీలు తిని, టీ తాగి, ఉష భుజాలు ఎగరేసుకుంటూ వెనక్కి బయల్దేరింది. ఎల్లుండి సూర్యాపేట. గొట్టం పనిచేస్తోంది. ఇంకేం కావాలి?

నాలుగింటికి మిర్యాలగూడ మిల్లుల రోడ్డు ఎక్కారు. నవంబర్ నెల. వానాకాలం పంట కోతలు మొదలై ధాన్యం లారీలు రోడ్డుకు రెండు పక్కలా బారులు తీరి ఉన్నాయి. మిల్లులన్నీ ఆగకుండా ఆడుతున్నాయి. గాలిలో సన్నటి ఊక, తౌడు, దుమ్ము. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ రోడ్డు మీద ఏం చేయాలో చెప్పక్కర్లేదు. ప్రేమ్ అలవాటుగా అద్దాలు పైకెత్తాడు. ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. యాభై రోజులుగా నేర్చుకుంటున్న ఉష కూడా చున్నీ చుట్టుకుంది. మనుషులిద్దరూ ముక్కులు భద్రంగా మూసుకుని, కారు ముక్కును మాత్రం లారీ చక్రాల ఎత్తులో బార్లా తెరిచి ఆ దుమ్ములోకి తోలుకుంటూ పోయారు.

పులి మొదట దగ్గింది. తర్వాత తుమ్మింది. ఒక మిల్లు గేటు ముందు నిట్టూర్చి ఆగిపోయింది.

ప్రేమ్ దిగి, బంపర్ కింద చేయి పెట్టి ఫిల్టర్ ఊడదీశాడు. మడత మడతకూ లేత గోధుమ రంగు తౌడు, వేలు దూరనంత గట్టిగా కూరుకుని ఉంది. రోడ్డు పక్కన రాయికేసి కొడితే దోసెడు రాలింది. లారీ మీద కూర్చున్న డ్రైవర్ ఒకడు ఇదంతా తీరిగ్గా చూస్తున్నాడు.

"ఏందన్నా, కారుకు తౌడు పెడ్తున్నవా? పూటకు ఎన్ని లీటర్లిస్తది?"

ప్రేమ్ ఫిల్టర్‌ను ఇంకోసారి రాయికేసి కొట్టాడు. మంచు దేశపు పెద్దమనిషి తౌడు గురించి ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. పాపం, అతనికి మాత్రం ఏం తెలుసు? తెలియాల్సిన వాళ్లు ఆ మిల్లుల మధ్యే పుట్టారు.

కారును నెట్టుకుంటూ, తుమ్మించుకుంటూ ఇల్లు చేరారు. ఉష అరుగు మీద కూలబడింది.

"సోమవారం ఏం చూపించను అత్తమ్మా? పనిచేసే వస్తువు తెమ్మన్నారు. ఇది కోదాడలో పనిచేస్తుంది, మిర్యాలగూడలో చచ్చిపోతుంది. సార్ నడిపి చూపించమంటే? రెండో పేరు వాళ్లను పిలుస్తారు. ఇంక మా చుట్టాలకు మిక్సీతో పాటు కారు కూడా దొరికింది."

సాయమ్మ ఫిల్టర్‌ను చేతిలోకి తీసుకుని, తౌడును రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. భర్త పోయాక పదిహేనేళ్లు మిల్లులో ఊడ్చిన చేతులవి. చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది. చాలాసేపు నవ్వింది.

"ఎందుకు నవ్వుతున్నవే అమ్మా?" అన్నాడు ప్రేమ్ చిరాగ్గా.

"నవ్వక? మిల్లుల గింత తౌడు గాలి గొట్టాలల్ల పోతది. గాడ గాలి గుంజే పంకా ఎన్నడన్న ఆగిందారా? గొట్టం సక్కగ పోదు బిడ్డా. నడుమ ఒక పెద్ద డబ్బా ఉంటది, పైన గుండ్రం, కింద సన్నం, గరాటు లెక్క. గాలి అండ్ల పక్కకెల్లి దూరి గిర్రున తిరుగుతది. బరువున్న తౌడు గోడకు కొట్టుకొని కిందికి జారుతది, ఉత్త గాలి మీదికెల్లి పోతది. దాని కింద పదిహేనేండ్లు ఊడ్సిన. నాకు తెల్వదా?"

ఉష అరుగు మీంచి లేచి నిలబడింది. సైక్లోన్ సెపరేటర్. మూడో సంవత్సరంలో పన్నెండు మార్కుల ప్రశ్న. రంగు పెన్సిళ్లతో బాణాలు గీసి మరీ రాసింది. అది మిల్లు మీద అందరికీ కనబడుతూనే ఉంటుందని, దాని కింద తన అత్త నిలబడి ఊడ్చిందని ఆ జవాబులో లేదు.

ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే ముగ్గురూ దావీదు ఇంటికి పోయి, అతని చేత సెలవు రోజున దుకాణం తాళం తీయించారు. విషయం విని దావీదు తల పట్టుకున్నాడు.

"ఇరవై ఏండ్లసంది గవే డబ్బాలు అతుకుతున్న. నా దుకాణంల కూసొనే మీరు గొట్టం జేసిన్రు. నాకన్న యాదికి రావద్దా? ట్రాక్టర్‌కు గూడ ఉంటది గద, గసుంటి గిన్నె!"

మిగిలిన శుభలేఖల్లో ఒకటి తీసి పల్లీల పొట్లంలా చుడితే గరాటు నమూనా అయింది. దాని ప్రకారం రేకు కోసి, వంచి, ఉష అతకడం మొదలుపెట్టింది. చుక్క, ఆగడం, చుక్క. డబ్బా తయారైంది. కింద తౌడు పడటానికి మూతున్న చిన్న పెట్టె తయారైంది. ఆఖరున డబ్బాను గొట్టానికి కలిపే అతుకు మిగిలింది. చేయి పట్టని మూల అది. మొదటిసారి రంధ్రం పడింది. పూడ్చింది. పక్కన ఇంకోటి పడింది. మూడోసారి రెండూ కలిసి ఒకటయ్యాయి. రాడ్ పక్కన పడేసింది.

"పో, జర మంచినీళ్లు తాగి రాపో ఉషమ్మా" అన్నాడు దావీదు.

ఆమె నీళ్లు తాగి వచ్చేసరికి అతుకు పూర్తయి ఉంది. చక్కిలం చుట్లలా, ఒకదాని మీద ఒకటి వాలి, ఎక్కడా తేడా లేని చుక్కల వరుస. దావీదు అప్పటికే అద్దం పక్కన పెట్టి చేతులు కడుక్కుంటున్నాడు. ఉష ఆ అతుకును చూసింది, ప్రేమ్‌ను చూసింది, ఏమీ అనలేదు. ప్రేమ్ కూడా ఆకాశంలో ఏదో ముఖ్యమైనది కనిపించినట్టు పైకి చూశాడు.

సోమవారం, ఫిల్టర్‌ను బంపర్ కింది నుంచి డబ్బా పైకి మార్చి, కావాలనే మిల్లుల రోడ్డు మీదుగా పోయారు. రెండు సార్లు అటూ ఇటూ తిరిగారు. లారీల మధ్యన కారు గుర్రుమంటూనే ఉంది, ఆగలేదు. సూర్యాపేట చేరేసరికి ఇంకా తొమ్మిదిన్నర కాలేదు.

సత్యానందం బక్కపలచటి మనిషి. కళ్లద్దాలు తాడుతో మెడకు వేలాడుతున్నాయి. కారు మూత ఎత్తించి, ముప్పై మంది విద్యార్థులను చుట్టూ నిలబెట్టి, అతుకుల మీద బొటనవేలు పెట్టి ఒక్కోటీ తడిమాడు.

"ఇది మీరే వేశారా?"

"నేనే సార్."

"తెలుస్తూనే ఉంది. ఇదీ?"

"అదీ నేనే."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఆయన వేలు గొట్టం పొడుగునా పాక్కుంటూ పోయి డబ్బా దగ్గరి అతుకు మీద ఆగింది. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వంగాడు. లేచాక ఆయన మొహమే మారిపోయింది.

"ఇలాంటి అతుకు చూసి చాలా కాలమైంది. మిగతావి పక్కన పెట్టండి, ఇది వేయగలిగిన చేతికి ఇంకేం పరీక్ష అక్కర్లేదు. రిజిస్టర్ పట్రండి. సంతకం పెట్టండమ్మా."

రిజిస్టర్ వచ్చింది. పెన్ను వచ్చింది. ఉషారాణి అన్న పేరు ఎదురుగా ఖాళీ గడి కూడా ఉంది. ప్రేమ్ మోచేత్తో మెల్లగా పొడిచాడు. ఉష పెన్ను మూత తీసింది. రికార్డు పుస్తకంలోని పంతొమ్మిది మార్కులు గుర్తొచ్చాయి. ఈ ముప్పై మందిలో ఎవరో ఒకరు రేపే ఆ అతుకు వేసి చూపించమంటారు. అప్పుడు తను కూడా కరెంటు లేదని చెప్పాలి, తర్వాతి వారం రాడ్లు లేవని చెప్పాలి.

"సార్, అదొక్కటీ నాది కాదు."

ప్రేమ్ దగ్గాడు, శనివారం కారు దగ్గినట్టే.

"మా బావగారు వేశారు. నేను నీళ్లు తాగడానికి పోయినప్పుడు."

"తాగి వచ్చాక మీరేం చేశారు?"

"ఏం చేయలేదు సార్. ఊరుకున్నాను."

సత్యానందం ఆమె చేతిలోని పెన్ను తీసుకుని జేబుకు పెట్టుకున్నాడు. రిజిస్టర్ మూసి చంకలో పెట్టుకున్నాడు. నవ్వుతున్న కుర్రాళ్లు నవ్వడం మానేశారు.

"నలభై ఏళ్లుగా అతుకులు చూస్తున్నాను" అన్నాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. నాకు కోపంగా ఉంది. మీ మీద కాదు, ఈ వేలి మీద."

డబ్బా కింద చిన్న పెట్టె మూత తిప్పి దోసిలి పట్టాడు. పొద్దుటి మిల్లుల రోడ్డు తౌడు జలజలా అరచేతిలో పడింది. పైన ఫిల్టర్ ఊడదీసి చూశాడు. అందులో దుమ్ము లేదు.

"ఈ పెట్టె ఎవరిది?"

"నాది సార్. ఆలోచన మాత్రం మా అత్తమ్మది. మిల్లులో పదిహేనేళ్లు పనిచేసింది."

"మీ ఇంట్లో ఇంకెవరెవరున్నారో అందరినీ పంపించకపోయారా, ఒకేసారి చేర్చుకునేవాణ్ని." తౌడును జాగ్రత్తగా కాగితంలో పొట్లం కట్టి బల్ల మీద పెట్టించాడు. "వినండి. రేపు తొమ్మిదింటికి ఆ మంచి అతుకును వీళ్లందరి ముందు కోసెయ్యండి. అదే చోట మీరే మళ్లీ వెయ్యండి. తర్వాత సంతకం."

"రంధ్రం పడితే సార్?"

"ఎందుకు పడిందో వీళ్లకు చెప్పండి. వీళ్లకూ అక్కడే పడుతుంది. రెండో పేరు కాగితం ఇవాళే చింపేస్తాను, భయపడకండి."

తిరుగు ప్రయాణంలో టీ కొట్టు దగ్గర ఆగి, దావీదుకు ఫోన్ చేసి సంగతి చెప్పారు.

"నా అతుకు కోస్తరా?" అన్నాడు దావీదు. "ఇరవై ఏండ్ల సర్వీసుల నా అతుకు ఎవ్వడు కొయ్యలే. రేపు దుకాణం బంద్. నేను గూడ వస్త. ఎట్ల కోస్తరో సూస్త."

దావీదు ఫోన్ చేసి చెప్పడంతో ఇంట్లో సాయమ్మ అప్పటికే ప్రహరీ దగ్గర నిలబడి, తన డబ్బా సూర్యాపేటలో పాసైందని నాలుగిళ్లకు చెప్పడం ముగించింది. ఇస్త్రీ చేసిన చీర కుర్చీ మీద పరిచి పెట్టుకుంది. తనను పిలిచారా లేదా అన్న ప్రశ్న ఆమెకు రాలేదు.

"నలుగురమైతం. కారు గుంజుతదా?" అన్నాడు ప్రేమ్ అనుమానంగా.

"పది గుర్రాలు పెరిగాయన్నావుగా" అంది ఉష. నాలుగో గడియారం ఇంకా నేల మీదే ఉంది. దాన్ని ఎత్తి, మేకుకు తగిలించి, ఫోన్‌లో ఆరింటికి అలారం పెట్టింది. "రేపు పొద్దున ఆరున్నరకు బయల్దేరుదాం. మిల్లుల రోడ్డు మీదుగానే. బావగారిని దుకాణం దగ్గర ఎక్కించుకుందాం. నీళ్ల సీసా మాత్రం తీసుకెళ్లొద్దు. ఆ అతుకు దగ్గరికి వచ్చేసరికి నాకు దాహం వేస్తుంది, అప్పుడు నీళ్ల కోసం బావగారినే పంపిస్తాను."